ఆడలేక కాదు, మద్దెలే ఓడు!

"ఆడలేక మద్దెల ఓడు" అని మనకో సామెత ఉంది. ఆట చేతగాని పిల్ల నెపం మద్దెల మీదికి నెట్టిందట. తరతరాలుగా నవ్వుకుంటూనే ఉన్నాం. ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి ఇంత సులువైన మాట మరొకటి లేదు కూడాను! కానీ నాకు మొదటినుంచీ ఒకటే సందేహం. ఆ సామెత పుట్టిననాడు ఆ మద్దెలని ఎవరైనా చేతిలోకి తీసుకుని చూశారా? వార్లు బిగువుగా ఉన్నాయో లేదో, చర్మం చిరిగిందో, కర్ర నెర్రె విచ్చిందో, ఒక్కరంటే ఒక్కరు వాయించి చూశారా? చూసిన దాఖలా సామెతలో ఎక్కడా లేదు. పిల్ల చెప్పింది, పెద్దలు నవ్వారు, తీర్పు అయిపోయింది.

ఆ పిల్ల పక్షాన ఇన్నాళ్ళకైనా ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకోవాలి కదా. నేను పుచ్చుకుంటున్నాను.

ఇప్పుడీ గోల ఎందుకంటారా? చెబుతాను. నా కాపురం తెనాలి. మా చెల్లెలిది రేపల్లె, మా ఆడపడుచుది బాపట్ల. ఈ మధ్య ఎదిగే ఆడపిల్లలున్న ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే పాట: ఎలక్ట్రిక్ గిటారు కావాలి! "కరెంటు గిటారా? షాకు కొట్టదుటే?" అంది మా అత్తగారు. ఇంటి కరెంటు గిటారులోకి రాదు. గోడకి తగిలించేది దాని పక్కనుండే యాంప్లిఫయర్ని. ఆ ప్లగ్గుకి మూడోకాలు ఉండాలి, ఇంట్లో ఎర్తింగు సవ్యంగా ఉండాలి. మిక్సీకి తీసుకునే జాగ్రత్తే దీనికీను. కాబట్టి మా అత్తగారి భయం తీర్చడం కష్టం కాలేదు. తీరనిది మరొకటుంది. గిటారు కొనేటప్పుడు పెద్దవాళ్ళు ఒక మాట అంటారు చూడండి, "నేర్చుకోవడానికి ఇది చాల్లే!" అని. నా పోట్లాటంతా ఆ మాటతోనే.

మా రేపల్లె పిల్లకి పదమూడేళ్ళు. మా మరిది ఫోనులో బొమ్మ చూసి, ఉన్నవాటిలోకెల్లా చవకది తెప్పించాడు. సంచీ, తీగ, చిన్న స్పీకరు, అన్నీ ఒకే పెట్టెలో వచ్చాయి. పిల్ల మురిసిపోయింది. సంక్రాంతికి మొదలుపెట్టింది. ఉగాదికల్లా గిటారు అటకెక్కింది. "దీనికి ఓపిక లేదక్కా, మూణ్ణాళ్ళ ముచ్చట!" అని మా చెల్లెలు తేల్చేసింది. పిల్ల మాత్రం గుమ్మంలో నిలబడి, "నాకు రాదు పెద్దమ్మా" అంది. పదమూడేళ్ళకే ఆ నోట ఆ మాట!

పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని. మెట్లంటే ఏమిటో, శ్రుతి అంటే ఏమిటో నా వేళ్ళకి తెలుసు. అటక దింపించి చూశాను. తీగలు మెట్లకి ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కడానికి నా బొటనవేలే లాగింది. అంచు వెంబడి చెయ్యి జారిస్తే రంపం తగిలినట్టుంది. ఎంతో కష్టపడి శ్రుతి చేస్తే రెండు మీట్లకే దిగిపోయింది. తీగని వదిలేసి మీటితే ఒక స్వరం, సరిగ్గా సగానికి, అంటే పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే దాని పై స్థాయి స్వరం పలకాలి. పలకలేదు. పక్కదారి పట్టింది. ఇంతకీ ఇందులో పదమూడేళ్ళ పిల్ల తప్పేదీ?

ఆరితేరిన వాళ్ళ చేతికి ఓటి వాయిద్యం ఇచ్చినా ఏదోలా నెట్టుకొస్తారు. లోపం ఎక్కడుందో తెలుసు కనుక దాన్ని తప్పించుకుని వాయిస్తారు. కొత్తగా నేర్చుకునే పిల్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? స్వరం తప్పితే తన చెవి మంచిది కాదనుకుంటుంది. వేలు నొస్తే తన వేళ్ళు పనికిరావనుకుంటుంది. కొత్తకోడలికి మొండి కత్తిపీట ఇచ్చి, గుమ్మడికాయ కొయ్యలేదని వెక్కిరించినట్టుంటుంది మన వ్యవహారం. నేర్చుకునేవాళ్ళకే వాయిద్యం సవ్యంగా ఉండాలి. "నేర్చుకోవడానికి ఇది చాలు" అనేవాళ్ళు లెక్కని తలకిందులుగా వేస్తున్నారు.

"అయితే లక్షలు పొయ్యమంటావా?" అని మీదికి రాకండి. నేనూ నెలాఖరుకి పాలవాడి చీటీ చూసుకునేదాన్నే. ఈ గట్టి చెక్క గిటారు బజారుకి వచ్చిందే పొదుపు బుద్ధితో. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకి గిటారు వాయించడం రాదు! 1950లో ఆయన అమ్మకానికి తెచ్చిన గిటారుకి బోలు పొట్ట లేదు, నగిషీ లేదు. ఒక గట్టి చెక్కపలక, దానికి నాలుగు మరలతో బిగించిన మెడ. మెడ పాడైతే మరలు విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. ఈనాటికీ చవక గిటార్లలో చాలామటుకు ఆ పద్ధతినే చేస్తారు. కనుక చవకతనం దోషం కాదు. చవకగా చేయడం వేరు, అడ్డదిడ్డంగా చేయడం వేరు. ఆ రెండింటికీ తేడా మనకి తెలియదా ఏమిటి?

మన వీణకి పనస కుండ కావాలి, నాదం అందులోంచి పుట్టాలి. దీనికి కుండ లేదు. ఉక్కు తీగల కింద పికప్ అని ఒకటుంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగని వేల చుట్లు చుడతారు. పైన ఉక్కుతీగ కదిలితే ఆ చుట్టలో చిటికెడు విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. దాన్ని యాంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది. అందుచేత పైకి కనపడే రంగు, మెరుగు, చెక్క మీది పువ్వుల దగ్గర ఎంత పొదుపు చేసినా నష్టం లేదు. మెడ, మెట్లు, బిరడాలు, తీగలు ఆనే బ్రిడ్జి, ఈ నాలుగింటి దగ్గర మాత్రం కక్కుర్తి పనికిరాదు.

అందులోనూ మెట్ల సంగతి మరీ ముఖ్యం. వీణ మెట్లు మైనంలో నిలబెడతారు. శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్ళీ మేళం కట్టించుకోవచ్చు. గిటారు మెట్లు అలా కాదు. చెక్కలో గాళ్ళు కోసి, లోహపు మెట్లని అందులో దిగ్గొడతారు. ఫ్యాక్టరీలో గాడి ఒక వెంట్రుకవాసి పక్కకి పడిందా, జన్మంతా అంతే. ఎంతటి విద్వాంసుడు వచ్చినా అక్కడ స్వరం పలకదు. పోయినవాళ్ళ జాతకం మార్చగలమా?

ఇక్కడే మీతో నాకు అసలు తగువు. కూరల బజారులో బెండకాయ కొస విరవనిదే తట్టలో వెయ్యం. ఇత్తడి బిందెని వేలితో కొట్టి, మోత విని, అతుకుందో లేదో చెప్పేస్తాం. మంగళగిరి చీర నిజాం అంచుని తిరగేసి లోపలి వైపు చూడందే బేరం మొదలుపెట్టం. కంచిపట్టు కోసం నాలుగు కొట్లు తిరుగుతాం, గొలుసు కొనడానికి పొద్దున బండెక్కి చీకటిపడ్డాక ఇంటికొస్తాం. ఇంత నేర్పున్న వాళ్ళం గిటారు దగ్గరికొచ్చేసరికి, "నాకేం తెలుసు, ఆయన చూసుకుంటారు" అని కొంగు సర్దుకుని వెనక్కి జరుగుతామేం? ఆ "ఆయన"కి మాత్రం ఏం తెలుసని? సంగీతం రాకపోయినా చూసి, తడిమి, విని చెప్పగలిగినవే ఇందులో సగానికి పైగా ఉన్నాయి. వినండి.

ముందు గిటారుని కంటికి దగ్గరగా పెట్టి, తలవైపు నుంచి మెడ పొడుగునా చూడండి, దర్జీ స్కేలు వంకరుందో లేదో చూసినట్టు. ఆరు తీగలు కలిసి దాదాపు 40 కిలోల బరువుతో మెడని లాగుతుంటాయి. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర అన్నమాట! అందుకే మెడ లోపల ఒక ఇనుపకడ్డీ ఉంటుంది. కాస్త ముందుకు వంగితే ఆ కడ్డీని తిప్పి సర్దొచ్చు. మెడ తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి.

తరవాత అరచేతిని మెడ అంచున పైనుంచి కిందికి జార్చండి. మెట్ల కొసలు గీరుకుంటే ఆకురాయి పట్టలేదని అర్థం. చెక్క ఆరి కుంచించుకుపోయినా కొసలు బయటికి పొడుచుకొస్తాయి. మెట్లు దిగ్గొట్టిన ఆ చెక్క "లారెల్" అని కొట్టువాడు గొప్పగా చెబితే బెదిరిపోకండి. ఇండియన్ లారెల్ అంటే మన నల్లమద్దే. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి కలప ఎగుమతుల మీద ప్రపంచమంతటా ఆంక్షలు వచ్చాయి. 2019లో వాయిద్యాలకి సడలించారు గానీ, ఈలోగా చాలామంది తయారీదార్లు నల్లమద్దికి మళ్ళారు. చక్కగా కోసిన నల్లమద్దికి వంకపెట్టాల్సిన పనిలేదు.

మెడ వచ్చి పలకలో కూర్చునేచోట విజిటింగ్ కార్డు దూరేంత సందుందా చూడండి. మొదటి తీగా ఆరో తీగా మెడ అంచులకి సమానదూరంలో ఉన్నాయా చూడండి. ఒకటి అంచుమీద నుంచి జారిపోతుంటే మెడ వంకరగా బిగించారన్నమాట. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగకీ మెట్టుకీ మధ్య ఖాళీ రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉంటే పిల్లల వేళ్ళకి సుఖం.

ఇక వినాల్సినవి. యాంప్లిఫయర్ పెట్టకముందే ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటమనండి. ఎక్కడైనా తేనెటీగ రొద వినిపిస్తే మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్టో, తీగలు మరీ కిందికి ఉన్నట్టో లెక్క. శ్రుతి చేయించి, తీగలని నాలుగుసార్లు కాస్త లాగి వదిలి, మళ్ళీ చూడండి. బిరడాలు నిలబడతాయో జారతాయో తేలిపోతుంది. పన్నెండో మెట్టు పరీక్ష సరేసరి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోనులో శ్రుతి చూపే ఉచిత సాధనాలు బోలెడున్నాయి. ఆఖరున యాంప్లిఫయర్‌కి తగిలించి మీటలన్నీ తిప్పండి. పాత రేడియోలా గరగర లాడినా, తీగ దూర్చినచోట కదిలిస్తే శబ్దం పోయి వస్తున్నా లోపల అతుకులు సరిగా లేవని అర్థం.

దోషాలన్నీ ఒక్క గాటన కట్టకూడదు కూడా. చీరకి గంజి ఎక్కువైతే ఒక్క ఉతుకుతో పోతుంది, చిరుగు పోదు. తీగల ఎత్తు, మెడ స్వల్ప వంపు, బ్రిడ్జి దగ్గర శ్రుతి సవరణ, ఇవన్నీ గంజిలాంటివి; తెలిసినవాళ్ళు ఒక పూటలో సర్దేస్తారు. ఆ సర్దుబాటు చేసి ఇస్తేనే డబ్బిస్తామని బేరంలోనే చెప్పండి. మెలితిరిగిన మెడ, తప్పు కోసిన గాళ్ళు, ఊడొస్తున్న మెట్లు చిరుగులు. వాటికి ఎంత తగ్గించి ఇచ్చినా ఖరీదెక్కువే.

ఇదంతా పుస్తకాల్లో మాట కాదనడానికి మా బాపట్ల ఇంటినే చూపిస్తాను. మా ఆడపడుచు కూతురు ఇంజనీరింగు చదువుతోంది. చదువు ముగించి వెళ్ళిపోతున్న ఒక విద్యార్థి దగ్గర పాత గిటారు కొంది. ముందు దాన్ని ఒక పూటంతా తడిమి, విని, ఇంకో వాయించే స్నేహితురాలికి చూపించి మరీ కొంది. పలకమీద రంగు రెండుచోట్ల లేచిపోయింది. "ఇదేం కొనుక్కొచ్చావే" అని మా ఆడపడుచు ముక్కు విరిచింది. "రంగు వాయించనమ్మా" అంది పిల్ల. సూర్యలంక సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయని వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడుస్తుంది. ఇప్పుడా ఇంట్లో సాయంత్రమైతే అదే మోత. రేపల్లె గిటారుకీ, బాపట్ల గిటారుకీ పెట్టిన సొమ్ము ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడుందంటారు? ఒకదాన్ని బొమ్మ చూసి కొన్నారు, రెండోదాన్ని చేత్తో చూసి కొన్నారు. అంతే!

అటకెక్కిన గిటారు ఖరీదుకన్నా నన్ను బాధపెట్టేది ఆ పిల్ల నోట వచ్చిన మాట. మగపిల్లాడి గిటారు పలకకపోతే "వెధవది, డొక్కు గిటారు" అంటారు. ఆడపిల్లది పలకకపోతే "దీనికి రాదు" అంటారు. ఆడపిల్ల కూడా అదే నమ్ముతుంది. మా తరంలో వీణ పెళ్ళిచూపుల దాకా వచ్చి, అక్కణ్ణించి అటకెక్కేది. ఒక్క కీర్తన వాయించగలిగితే చాలు, కుదిరిపోయాక ఎవరడిగారు? ఈ తరానికి గిటారు కొంటున్నాం గానీ, "ఎలాగూ పెళ్ళయ్యాక వాయిస్తుందా పెడుతుందా" అన్న పాత లెక్క మాత్రం పోలేదు. పెళ్ళి మండపం పూలకి ఒక్క పూటకి పోసే డబ్బులో పదోవంతు, పిల్ల ఏళ్ళతరబడి చేతపట్టుకునే వస్తువుకి పెట్టడానికి మనసొప్పదు. కోచింగు ఫీజు అడిగితే అప్పుచేసి కడతారు, గిటారు అడిగితే "నేర్చుకోవడానికి ఇది చాల్లే!"

"మనది కాని వాయిద్యం కదా" అని ఇంకో సన్నాయినొక్కు. తెనాలి వాళ్ళు అనకూడని మాట అది! మన ఊరిని ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోతామే, పద్యనాటకానికి ప్రాణంపోసిన హార్మోనియం ఆ అసలు ప్యారిస్‌లోనే పందొమ్మిదో శతాబ్దంలో రూపుదిద్దుకుంది. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. అయినా మన వేదికల మీద దాని పెత్తనం తగ్గిందా? పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విదేశీ మాండొలిన్‌ని, అదీ కరెంటు మాండొలిన్‌ని పట్టుకుని త్యాగరాజ కీర్తనలు పలికించాడు. 2014లో ఆయన పోయేనాటికి ప్రపంచానికి మాండొలిన్ శ్రీనివాసే. గమకం పలికిందంటే తీగా మెట్టూ దారికొచ్చాయి కాబట్టే పలికింది. అడ్డదిడ్డపు మెట్ల మీద ఎవరికి పలుకుతుంది?

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారి సత్యభామని మన అమ్మమ్మలు కళ్ళప్పగించి చూశారు. ఆడవాళ్ళు వేదిక ఎక్కడం తప్పనే రోజుల్లో ఆడవేషం మగవాడే కట్టాల్సివచ్చింది. ఆయన ప్రతిభకి 1956లో పద్మశ్రీ వచ్చింది, న్యాయమే. కానీ ఆ కాలంలో వేదిక ఎక్కనివ్వని ఆడపిల్లల్లో ఎందరికి ఎంత విద్య ఉండేదో లెక్క ఎవరూ రాయలేదు. ఇప్పుడు అదే ఊళ్ళో ఆడపిల్ల గిటారు మెళ్ళో వేసుకుని వేదిక ఎక్కుతానంటోంది. వద్దనే ధైర్యం మనకి లేదు. అందుకని ఓటి చెక్క చేతికిచ్చి, తనంతట తనే దిగిపోయేలా చేస్తున్నాం. కావాలని చేస్తున్నామని అనను. ఫలితం మాత్రం అదే.

కాబట్టి అమ్మల్లారా, గిటారు కొనేనాడు మీరు కూడా వెళ్ళండి. పిల్లని వెంటబెట్టుకెళ్ళండి. మన ఊళ్ళో నచ్చకపోతే గుంటూరో విజయవాడో రైలెక్కండి. గొలుసుకి పెట్టిన పూటలో సగం పెట్టండి చాలు. పెట్టెలో తెప్పించక తప్పదంటే, వాపసు గడువు ఎన్నిరోజులో చూసి, ఆ గడువులోనే ఈ పరీక్షలన్నీ చెయ్యండి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇన్నీ చేశాక కూడా పిల్ల నాలుగు నెలలకి విసుగొచ్చి మానేస్తే మానెయ్యనివ్వండి, నష్టమేం లేదు. ఇష్టం లేక మానడం వేరు, చేతకాదని నమ్మి మానడం వేరు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా, "నేర్చుకోవడానికి ఇది చాల్లే" అంటే ఊరుకోకండి. "నేర్చుకోవడానికే కదండీ, సరైనది ఉండాల్సింది!" అనండి. అని, గిటారుని చేతిలోకి తీసుకుని, మెడ వంకరుందేమో చూడండి.